తియ్యగా ఉండే విషం – ఇంజిన్ కూలెంట్

పురుగుమందు గురించి, కిరోసిన్ గురించి మీకు చాలామంది చెప్పే ఉంటారు. ఈ రోజు మీరు అంతగా వినని ఒక విషం గురించి చెబుతాను. అది కారు, లారీ, ట్రాక్టరు రేడియేటర్‌లో పోసే కూలెంట్.

ఇంజిన్ మరీ వేడెక్కకుండా పోసే ఈ ద్రవంలో ఎక్కువగా ఇథిలీన్ గ్లైకాల్ అనే రసాయనం ఉంటుంది. దీనికి వాసన దాదాపు ఉండదు. రుచి తీపి. పైగా ఆకుపచ్చ రంగో గులాబి రంగో కలుపుతారు. మిగిలినది కూల్‌డ్రింకు సీసాలో పోసి గూట్లో పెడితే పిల్లలకు అది షర్బత్‌లాగే కనిపిస్తుంది. 10 కిలోల బరువున్న పిల్లవాడికి రెండు మూడు చెంచాలు కూడా ప్రాణం మీదకు తెస్తాయి.

తాగితే ఏమవుతుంది?

మొదటి కొన్ని గంటల్లో సారా తాగినవాళ్లలాగా తూలుతారు. మాట తడబడుతుంది, వాంతులవుతాయి. ఇక్కడే ఇంట్లోవాళ్లు మోసపోతారు. "మత్తుగా ఉంది, పడుకుంటే తగ్గుతుంది" అనుకుంటారు. ఈలోగా కాలేయం ఆ రసాయనాన్ని ఆమ్లాలుగా మారుస్తుంది. అసలు హాని చేసేవి అవే. సుమారు 12 గంటలు దాటాక ఆయాసం, గుండె దడ వస్తాయి. 24 నుండి 72 గంటల మధ్య మూత్రపిండాల్లో సన్నని స్ఫటికాలు పేరుకుని మూత్రం తగ్గిపోతుంది, ఆగిపోవచ్చు కూడా.

దీనికి విరుగుడు ఉంది. ఫోమెపిజోల్ అనే ఇంజెక్షన్, అది దొరకనిచోట కొలత ప్రకారం ఇచ్చే ఆల్కహాల్, అవసరమైతే డయాలసిస్. ఆల్కహాల్ విరుగుడని విని ఇంట్లో సారా పట్టించకండి. రక్త పరీక్షలు చూస్తూ డాక్టర్లు చేయవలసిన పని అది. ఎంత త్వరగా వస్తే మూత్రపిండాలు దక్కే అవకాశం అంత ఎక్కువ.

వెంటనే ఏం చేయాలి?

1. లక్షణాల కోసం ఎదురుచూడవద్దు. 108కి ఫోన్ చేయండి. డయాలసిస్ ఉన్న ఆసుపత్రి అయితే మంచిది.
2. వేలు పెట్టి కక్కించవద్దు. ఉప్పునీళ్లు, మజ్జిగ పట్టవద్దు.
3. ఆ డబ్బా లేదా సీసా వెంట తీసుకురండి.
4. బాధలోనో కోపంలోనో కావాలని తాగి ఉంటే పరువు కోసమో కేసు భయంతోనో దాచవద్దు. డాక్టరుకు నిజం చెప్పండి. తాగినవారిని తిట్టకండి, ఒంటరిగా వదలకండి.

ఇవి గుర్తుంచుకోండి

చేతికి అంటితే సబ్బుతో కడిగితే చాలు. కంట్లో పడితే 15 నిమిషాలు ధారగా నీళ్లు పోసి, ఆసుపత్రికి రండి. పైపు నోట్లో పెట్టి పీల్చి కూలెంట్ తీయడం కొందరు డ్రైవర్లకు అలవాటు, అది మానిపించండి. వేడి ఇంజిన్ రేడియేటర్ మూత తీస్తే మరిగే ద్రవం మొహం మీదకు చిమ్ముతుంది. కింద ఒలికినదాన్ని కుక్కలు, పిల్లులు నాకినా చనిపోతాయి, కాబట్టి గుడ్డతో తుడిచి నీళ్లు పోసి కడగండి.

ఇది మెకానిక్‌ల సంగతి మాత్రమే కాదు. 2022లో ఆఫ్రికాలోని గాంబియా దేశంలో సుమారు 70 మంది పిల్లలు మూత్రపిండాలు దెబ్బతిని చనిపోయారు. అక్కడ వాడిన నాలుగు సిరప్‌లలో ఈ ఇథిలీన్ గ్లైకాల్, దాని జాతికే చెందిన డైఇథిలీన్ గ్లైకాల్ ఉన్నట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. అందుకే పిల్లలకు డాక్టరు రాయని సిరప్ పట్టకండి. ఏ సిరప్ తాగాక అయినా బిడ్డకు మూత్రం తగ్గితే ఆ రోజే చూపించండి.

ఇంటికి వెళ్లగానే చేయవలసిన పని ఒకటే. కూలెంట్‌ను దాని సొంత డబ్బాలోనే ఉంచి, మూత బిగించి, పిల్లల చేతికి అందని చోట తాళం వేసి పెట్టండి. మీ ఇంట్లో బండి లేకపోతే, ఉన్న పక్కింటివాళ్లకు ఈ మాట చెప్పండి.