మంచమును మోయు నలుగురు

మన చాగలమర్రి ప్రాంతమునుండి కువైట్ వెళ్లినవారు ఎందరో! అక్కడ మీ బిడ్డ పక్షవాతముతో ఆసుపత్రిలో పడియుంటే, ప్రత్యేక విమానమునకు లక్షలెక్కడివని కుమిలిపోకండి. మామూలు విమానములోనే కొన్ని సీట్లపై స్ట్రెచర్ అమర్చి తెచ్చే సంస్థలున్నవి. అయితే ప్రయాణమునకు తట్టుకోగలడని అక్కడి డాక్టరు వ్రాయాలి. మెడిఫ్ అనే ఫారము చూచి విమాన సంస్థ ఒప్పుకోవాలి. వెంట డాక్టరో నర్సో రావాలి. దిగినచోట అంబులెన్సు, కర్నూలులోనో తిరుపతిలోనో చేర్చుకొనే ఆసుపత్రి ముందే సిద్ధపడాలి. స్థోమత లేనివారు ఇండియన్ ఎంబసీని అడగండి. ఆపదలోనున్న పేదవారికొరకు 2009లో ఏర్పడిన సంక్షేమ నిధి అక్కడున్నది.

మార్కు సువార్తలో పక్షవాయువుగల వానిని నలుగురు మోసుకొచ్చారు గదా! సంఘమా, ప్రార్థించి ఇంటికి వెళ్లిపోకండి. ఆ తల్లికి ఇంగ్లీషు ఫారము చదవరాదు. కూర్చుండి నింపిపెట్టండి.