తట్టకు పట్టిన జిగురు – మందుకు లొంగని రోగం

"సార్, తట్టలన్నిటికీ బ్లీచింగ్ కొట్టాను. అయినా నాలుగో జ్వరం దాటిన పురుగు సప్పె రోగంతో పోయింది. మందులో మోసమా?" ముంగారు పంటలో ఒక రైతు నన్ను అడిగిన మాట ఇది. నేను ఒక తట్టను తిరగేసి, అల్లిక సందులో గోటితో గీకాను. నల్లని జిగురు అంటుకున్నది. లోపం మందులో లేదు, ఆ జిగురులో ఉన్నది.

నీళ్ల కుండను నాలుగు రోజులు తోమకపోతే లోపల పాచి పడుతుంది. ఊరికే తొలిపితే పోదు, పీచుతో రుద్దాలి. తట్టకు పట్టేదీ అటువంటిదే. చచ్చిన పురుగుల రసం, లద్దెలు, తడి ఆకు తగిలిన చోట బాక్టీరియా అంటుకుని, తన చుట్టూ జిగురు పొర కట్టుకుంటుంది. దీనిని బయోఫిల్మ్ అంటారు. బ్లీచింగులోని క్లోరిన్ పైమురికి మీదనే ఖర్చయిపోతుంది, అడుగున ఉన్న క్రిములు బతుకుతాయి. వచ్చే పంటలో ఉక్క, గుంపు, ముదురాకు తోడైతే చాలు, పురుగు ఆకు మానుతుంది, కక్కుతుంది, మెత్తబడి నల్లగా మారి కంపు కొడుతుంది.

ఇక్కడ ఒక ముఖ్యమైన హెచ్చరిక. కొందరు సోదరులు కోళ్లకు, పశువులకు ఇచ్చే యాంటీబయాటిక్ మందును నీళ్లలో కలిపి ఆకుపై చల్లుతున్నారు. అలా చేయకండి. మందుకు బలహీనమైన క్రిములు చస్తాయి, మొండివి మిగిలి పెరుగుతాయి. జిగురు పొరలో ఒకదానినొకటి ఆనుకుని ఉన్నందున ఆ మొండితనాన్ని పక్క క్రిములకు కూడా అందిస్తాయి. రెండు మూడు పంటల తరువాత ఆ మందు పనిచేయదు. అంతటితో ఆగదు. లద్దెలు ఎరువు గుంతకు, పశువుల కొట్టానికి, మన చేతులకు చేరుతాయి. రేపు మన బిడ్డకు పుండు చీము పడితే అదే మందు పనిచేయకపోవచ్చు. ఈ ప్రమాదం వల్లనే కొలిస్టిన్ అనే మందును కోళ్లకు, పశువులకు వాడరాదని కేంద్ర ప్రభుత్వం 2019లో నిషేధించింది.

మరి ఏమి చేయాలి?

1. పంట ముగియగానే చచ్చిన పురుగులను, మిగిలిన లద్దెలను ఏరి దూరంగా పూడ్చండి. తడి ఆరకముందే తట్టలను కడిగితే పని సులువు.

2. ముందు సబ్బు నీళ్లతో, పీచుతో సందులన్నీ రుద్దండి. సబ్బు మిగలకుండా మంచి నీళ్లతో కడిగి, ఎండలో ఆరబెట్టండి.

3. ఆ తరువాతనే మందు. 100 లీటర్ల నీటికి 2 కిలోల తాజా బ్లీచింగ్ పొడి, 300 గ్రాముల సున్నం. కలిపిన రోజే వాడండి. తట్టలు, గోడలు, నేల బాగా తడవాలి, అరగంట తడిగానే ఉండాలి. ముక్కుకు గుడ్డ కట్టుకోండి. వేరే మందును, ఆమ్లాన్ని దీనిలో కలపరాదు, విషవాయువు వస్తుంది.

4. చాకీ కట్టడానికి మూడు రోజుల ముందు మరొకసారి మందు చల్లి, గాలికి ఆరనివ్వండి.

5. పెద్ద పురుగులకు 24–25 డిగ్రీల వేడి, 70 శాతం తేమ, గాలి ఉండేటట్లు చూడండి. తడి ఆకు, దుమ్ము ఆకు వేయకండి. పక్కను పలుచగా పరచండి. జబ్బు పురుగును ఏరి బ్లీచింగ్ నీళ్ల గిన్నెలో వేయండి, కోళ్లకు వేయకండి.

1865లో ఫ్రాన్సు దేశంలో పట్టుపురుగుల రోగాలను పరిశీలించడానికి వెళ్లిన లూయీ పాశ్చర్, సప్పె రోగం గంటు రోగానికి వేరని తేల్చాడు. జిగురును కరిగించే ఎంజైములపై, బాక్టీరియాను తినే వైరసులపై నేడు ప్రయోగశాలలలో పరిశోధన జరుగుతున్నది. అవి మన గదికి వచ్చేదాకా మన చేతిలో ఉన్నవి పీచు, సబ్బు, ఎండ.

ఈసారి చాకీ కట్టే ముందు మీ తట్టను తిరగేసి గోటితో గీకి చూడండి. గోరు శుభ్రంగా వస్తే బ్లీచింగ్ కలపండి. జిగురు అంటితే మళ్లీ పీచు పట్టండి.