బోడుప్పల్: జనం ముందు, వసతులు వెనుక

ఐక్యరాజ్యసమితి లెక్క ప్రకారం కోటి జనాభా దాటిన నగర ప్రాంతాన్ని మెగాసిటీ, అంటే మహా మహానగరం, అంటారు. హైదరాబాద్ ఆ స్థాయికి ఎలా పెరిగిందో తెలుసుకోవడానికి తూర్పు అంచున వరంగల్ రహదారి పక్కనున్న బోడుప్పల్ చక్కని ఉదాహరణ. ఇది 2016లో పురపాలక సంఘమై, 2019లో నగరపాలక సంస్థగా మారింది. అప్పటికే జనం వచ్చేశారు. జనం ముందు, వసతులు వెనుక!

ఉప్పల్, నాచారం పారిశ్రామికవాడల్లో దొరికిన పని, నగరం నడిబొడ్డున సామాన్యుడికి అందని ఇళ్ల ధరలు, వరంగల్, నల్లగొండ వైపు నుంచి సాగిన వలస, 2017లో నాగోలు, ఉప్పల్‌లకు వచ్చిన మెట్రో రైలు కలిసి ఈ ప్రాంతాన్ని పెంచాయి.

ఈ పెరుగుదల ఫలితాల్లో అన్నిటికన్నా బాధాకరమైనది నీటి సంగతి. దక్కను పీఠభూమిపై పూర్వులు తవ్వించినవి గొలుసుకట్టు చెరువులు, అంటే ఒకటి నిండితే అలుగు పారి కిందిదాన్ని నింపేవి. వాటిని కలిపే కాలువలపై ఇళ్లు లేచినచోట వాన నీరు కాలనీల్లోకి మళ్లుతుంది. నేలంతా సిమెంటుతో కప్పేస్తే ఆ నీరు భూమిలోకి ఇంకదు, వేసవిలో బోర్లు ఎండుతాయి. వరదా, కొరతా రెండూ నీటి దారిని పట్టించుకోని నిర్మాణం నుంచే పుడతాయి. 2020 అక్టోబరు వానల్లో హైదరాబాద్ కాలనీలెన్నో మునగడం ఆ వరదకు సాక్ష్యం.

అందుకే లేఅవుట్‌కు, అంటే స్థలాల విభజన పటానికి, అనుమతి ఇచ్చే ముందే అలుగు దారిని నేలపై గుర్తించి వదిలేయాలి. స్థలం కొనేవారూ ఆ దారి ఎక్కడుందో ముందే అడిగి తెలుసుకోవాలి.