కరుణ కోరిన అర్జీని తిరస్కరించినచో చేయవలసినదేమి?

(గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



వీధి దీపములు, మంచినీరు, రోడ్లు - వీనిని గూర్చి మీరు నిత్యము చర్చించుచునే యున్నారు. అంతగా చర్చకు రాని విషయ మొకటి నేడు మీ ముందుంచదలచితిని. మీ గ్రామస్థు డొకడు యావజ్జీవ శిక్ష ననుభవించుచున్నా డనుకొనుడు. వయస్సు డెబ్బది దాటినది, మూత్రపిండములు చెడినవి, ఒకరి చేయూత లేనిదే లేవలేడు. కడపటి దినములు ఇంట గడుపుటకై అతడు పెట్టుకొనిన అర్జీ తిరస్కరింపబడినది. ఆ కాగితము చేతబట్టుకొని అతని భార్య మీ యరుగు మీదికి వచ్చినది. ఆమెకు మీరేమి చెప్పుదురు?

"ఇక చేయునది లేదు" అని మాత్రము చెప్పకుడు. చేయదగినది కలదు.

ముందుగా, అర్జీ యే దారిన పోయినదో తెలిసికొనవలెను. శిక్షను తగ్గించు అధికారము భారతీయ నాగరిక సురక్షా సంహిత 473వ సెక్షను క్రింద ప్రభుత్వమునకు కలదు. అయితే, మరణశిక్షకు గూడ తగిన నేరమునకు యావజ్జీవము పడినచో, 475వ సెక్షను ప్రకారము 14 సంవత్సరములు జైలులో గడపనిదే విడుదల కుదరదు. రాజ్యాంగము 161వ అధికరణము క్రింద గవర్నరునకు గల క్షమాధికారమునకు ఈ నిర్బంధము లేదు. పొరుగు రాష్ట్రపు న్యాయస్థానము శిక్ష విధించినచో, 473వ సెక్షను క్రింది అర్జీ ఆ రాష్ట్ర ప్రభుత్వమునకే పోవలెను.

రెండవది, ఉత్తర్వు ప్రతి. తిరస్కరించినను, మన్నించినను ఉత్తర్వులో క్లుప్తముగానైన కారణములు వ్రాయవలెననియు, దానిని వెంటనే ఖైదీకి తెలుపవలెననియు, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి ప్రతి పంపవలెననియు 2025 ఫిబ్రవరి 18న సుప్రీంకోర్టు ఆదేశించినది. తిరస్కారమును ప్రశ్నించు హక్కు కలదని ఖైదీకి తెలియజేయుట జైలు అధికారుల విధి యనియు చెప్పినది.

మూడవది, కారణముల పరిశీలన. నేరము మరల జరుగు అవకాశమున్నదా, అతనిని ఇంకను నిర్బంధించుట వలన ప్రయోజనమున్నదా, కుటుంబ స్థితి యెట్టిది - ఇట్టి అంశములను చూడవలెనని 2000 సంవత్సరముననే సుప్రీంకోర్టు పేర్కొనినది. వీనిని విడిచి, వ్యాధి మాట యెత్తక, నేరము ఘోరమని యొక్క వాక్యముతో ముగించిన ఉత్తర్వు ప్రశ్నింపదగినది.

ప్రశ్నించు చోటు హైకోర్టు. రాజ్యాంగము 226వ అధికరణము క్రింద రిట్టు వేయవలెను. న్యాయస్థానము సాధారణముగా తానే విడుదల చేయదు. లోపమున్న ఉత్తర్వును కొట్టివేసి, మరల పరిశీలింపుమని ప్రభుత్వమునకు పంపును. ఆ లోపల ప్రాణమునకు గడువు తక్కువైనచో, పెరోలు కొరకు గూడ అడుగవలెను. నిర్బంధమున నున్నవానికి ఆదాయముతో నిమిత్తము లేక ఉచితముగా న్యాయవాది నిచ్చుట 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టపు 12వ సెక్షనులో కలదు. 15100 నంబరుకు ఫోను చేసిన చాలును. తీర్పు ప్రతి, తిరస్కార ఉత్తర్వు, ప్రభుత్వ వైద్యుని ధ్రువపత్రము, జైలు ప్రవర్తన వివరములు సిద్ధము చేయించుడు.

ఇక మీ బాధ్యత. విచారణకు వచ్చిన అధికారి మిమ్ము నడిగినచో, అతనిని చూచుకొను వారెవరు, ఇల్లున్నదా, ఊరిలో పగలున్నవా అను సంగతులను ఉన్నదున్నట్లు చెప్పుడు. ఆంధ్రప్రదేశమునకు చెందిన యొక కేసున, 2006లో, సంబంధము లేని విషయములపై ఆధారపడిన శిక్ష తగ్గింపును సుప్రీంకోర్టు కొట్టివేసినది. కులమునుబట్టియు, పార్టీనిబట్టియు క్షమాభిక్ష నీయరాదని హెచ్చరించినది. కావున పార్టీ మనిషి యని పొగడుటయు, పరపక్షమువాడని దాచుటయు రెండును తప్పే.

మరియొక మాట. చంపబడినవాని భార్యయు మీ ఊరిలోనే యుండవచ్చును. ఆమె సమ్మతి కొరకు ఒత్తిడి చేయకుడు. ఆమె భయమును గూడ వినుడు, అధికారికి తెలుపుడు. ఇరు గడపలకును పంచాయతీ యొక్కటే. ఒక యింట మరణశయ్య, మరియొక యింట మానని గాయము - రెండింటిని చూచి నిజము పలుకుటయే మీనుండి చట్టము కోరునదని మనవి చేయుచు సెలవు తీసికొనుచున్నాను.