దూరదేశపు దస్త్రములు: మా తాతగారి తిథి

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



ఈ సభలో కావ్యచర్చ యేదైన చేయుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను గురుముఖమున చదివినవాడను కాను. పగలు గ్రామలెక్కలు వ్రాసి, రాత్రులు ఈ గ్రంథాలయపు పుస్తకములు తెచ్చుకొని, నాకు నేనే పద్యము కూడబలుకుకొన్నవాడను. కావున నాకు తెలిసిన దస్త్రముల సంగతియే చెప్పెదను. నడుమ భారతకథ కొంచెము వచ్చును.

మాది కరణీకపు వంశము. 1984లో రద్దయిన ఆ పదవి పూర్వము వంశపారంపర్యముగా సాగినది. సాధారణముగా జ్యేష్ఠునికే దక్కెడిది. మా తాతగారు రెండవ కుమారులు. పదవి అన్నగారిది, మెట్టపొలము వానదేవునిది. గొలుసు పట్టి పొలము కొలుచుట యెరిగిన చేయి గనుక 1940లో బెంగుళూరు పోయి మద్రాసు సాపర్ల దళములో చేరిరి. బాటలు వేయుట, వంతెనలు కట్టుట, మందుపాతరలు తీయుట ఆ దళపు పని. 1780లో పుట్టిన ఆ దళము మద్రాసు ఇంజనీరు గ్రూపు అను పేర నేటికిని బెంగుళూరులోనే యున్నది. తాతగారు ఓడ యెక్కునాటికి మా నాయనమ్మ నిండు చూలాలు. మా నాయనగారు తండ్రి ముఖము చూడలేదు.

1944లో చావుకబురు వచ్చినది. ఆ కాగితము కొన్నాళ్లకు చెదలపాలైనది. బర్మాలో పోయినాడని ఊరు అనుకొన్నది. దండుకు పోయినవారందరు బర్మాకే పోయిరని ఆనాటి మనవారి నమ్మకము. తిథి తెలియనివారికి అమావాస్యనాడు శ్రాద్ధము పెట్టుట ఆచారము గనుక మా నాయనగారు ఏటేట మహాలయ అమావాస్యనాడే పిండము పెట్టుచు వచ్చిరి. కార్యము ముగిసిన పిమ్మట మా నాయనమ్మ ప్రతి యేడును ఒకే మాట అడిగెడిది: "ఇది ఆయన దినమేనా నాయనా, అందరి దినమా?" ఆ ప్రశ్నకు జవాబు దొరకకయే ఆమె కన్నుమూసినది.

ఆమె పెట్టెలో, తాలూకా ఖజానాలో కుటుంబ పింఛను తీసికొన్న పుస్తకము మిగిలినది. అందు మసకబారిన ఒక అంకె యుండెను. అది తాతగారి సైనిక సంఖ్య. తెల్లవారి యుద్ధము గనుక కాగితములును వారి దేశముననే యుండునని తలచి నేను లండనుకు వ్రాసితిని. ఆఫీసర్ల పత్రములు అనేకము అచటి బ్రిటిష్ లైబ్రరీలో నున్నవనియు, సామాన్య సిపాయిల సేవాపత్రములు మాత్రము భారత, పాకిస్తాను సైన్యముల రికార్డు కార్యాలయములందే నిలిచిపోయినవనియు తెలిసినది. చంకలో బిడ్డను పెట్టుకొని ఊరంతయు వెదకినట్లయినది నా పని! సముద్రముల ఆవల వెదకిన కాగితము మనకు ఒక్క రాత్రి ప్రయాణపు దూరమున నున్నది.

బెంగుళూరునకు వ్రాసితిని. కొన్ని నెలలకు ఒక్క పుట వచ్చినది. తండ్రి పేరు, ఊరు, చేరిన దినము, 12వ ఫీల్డు కంపెనీ, చివరి గడిలో మరణించిన దినము, దేశము. బర్మా కాదు; ఇటలీ.

ఆ పుట చేతికి వచ్చిన తరువాతనే విదేశపు దస్త్రములు మాటలాడ నారంభించినవి. లండనులోని క్యూ అను చోట జాతీయ దస్త్రాగారమున నాటి దళముల యుద్ధ దినచర్యలున్నవి. 12వ కంపెనీ 4వ భారతీయ డివిజనులోనిది. ఆ డివిజను 1941లో ఎరిత్రియా దేశపు కెరెన్ కనుమలోను, 1943లో ట్యునీషియాలోను పోరాడి, 1944 ఫిబ్రవరిలో ఇటలీలోని కాసినో కొండ చేరినది. ఫిబ్రవరి 15న ఆ కొండమీది ప్రాచీన మఠమును విమానములు కూల్చినవి. భారతీయ సాపర్లు, న్యూజీలాండు ఇంజనీర్లు కొండవాలులోని కాలిబాటను టాంకులు పోగల బాటగా వెడల్పు చేసిరి. ఆ ప్రాంతముననే మిగ్నానోవద్ద ఫిబ్రవరి 24న మద్రాసు సాపర్ల సుబేదారు సుబ్రహ్మణ్యము తోడివారిని కాపాడుటకు ప్రేలనున్న మందుపాతరపై తానే పడి ప్రాణమిచ్చెను. మరణానంతరము ఆయనకు జార్జి క్రాస్ పతకము వచ్చినది.

అటువంటి దినచర్యలలో ఆఫీసర్ల పేర్లు కనబడును. సిపాయిల చావు చాలచోట్ల వట్టి అంకెగానే యుండును. నేను తప్పుపట్టను. నా అడంగలు మాత్రమెట్టిది? సర్వే నంబరు, విస్తీర్ణము, పంట, అంతే. కాపు కన్నీరు వ్రాయుటకు అందు గడి లేదు.

పేరు మరియొకచోట దొరకినది. కామన్వెల్తు యుద్ధ సమాధుల సంస్థవారి పట్టిక ఎవరైనను రుసుము లేక చూడవచ్చును. మన గ్రంథాలయపు కంప్యూటరువద్ద ఒక విద్యార్థి నాకు తోడు కూర్చుండెను. మూడు దినములు వెదకినను పేరు చిక్కలేదు. కారణము మన వ్రాతలోనే యున్నది. సైన్యము ఇంటిపేరు విడిచి వ్రాసికొన్నది. ఊరిపేరులో ఒక అక్షరము మారినది. 2005 వరకు ఆంగ్లమున 'కడ్డపా' యని వ్రాసిన జిల్లాను మేము 'కడప' యని వెదకితిమి. నంబరు పెట్టి వెదకగా పేరు బయటపడినది. ఆయన పేరు సాంగ్రో నదివద్ద, దహనసంస్కారము పొందిన భారతీయ సైనికుల స్మారకముపై నున్నది. అట్టివారు అచట 500కు పైబడి యున్నారు. అనగా పరదేశములోను తోడివారు ఆయనకు అగ్నిసంస్కారము చేసిరి. ఈ మాట చెప్పినపుడు మా నాయనగారు చాలసేపు పలుకలేదు.

స్త్రీపర్వమున ధర్మరాజు దిక్కులేని మృతులకు సైతము దహనము చేయించెను. జలతర్పణముల వేళ కుంతి, కర్ణుడు తన పెద్దకొడుకని బయటపెట్టి, అతనికిని నీరు విడువుమని కోరినది. రాధేయుడని లోకము వ్రాసికొన్నవానిని అన్నయని తెలిసికొనిన పిమ్మటనే ధర్మరాజు అన్నగా నీరు విడువగలిగెను. పేరు సరిగా తెలియనిదే ఋణము తీరదు. మొదటి మహాయుద్ధమున ఇరాకులో చనిపోయిన మన సామాన్య సిపాయిలకు బస్రా స్మారకమున ఆ పేరుకూడ దక్కలేదు. పలకలపై దళమునకు ఇంతమంది యని లెక్కయే చెక్కిరి. ఈ అసమానతను 2021లో ఆ సంస్థయే నివేదికలో ఒప్పుకొని క్షమాపణ చెప్పినది. మా తాతగారు ఆ విషయమున అదృష్టవంతులు.

పాత పంచాంగము తీసి చూచితిని. ఆ దినము స్వభాను సంవత్సర ఫాల్గుణ బహుళ సప్తమి. గడచిన ఫాల్గుణమున, ఎనుబదియేండ్లు దాటిన మా నాయనగారు మొదటిసారి తండ్రి తిథినాడు పిండము పెట్టిరి. "ఇది ఆయన దినమేనమ్మా" అని నాయనమ్మ పటమువైపు తిరిగి చెప్పిరి. వారు నేడు ఈ సభలో ముందువరుసలో కూర్చుండి యున్నారు.

ఒక విన్నపముతో ముగించెదను. ఈ ఊరినుండి దండుకు పోయినది మా తాతగారొక్కరే కాదు. మీ అటకలమీది పింఛను పుస్తకము, విడుదల కాగితము, పతకము యేదున్నను పారవేయకుడు. పతకపు అంచునగూడ నంబరు చెక్కి యుండవచ్చును. గ్రంథాలయమునకు తెండు. పేరు, ఇంటిపేరు, తండ్రిపేరు, నంబరు, ఆనాటి తాలూకా, ఈ ఐదు గడులతో ఒక పుస్తకము గీసి తెచ్చితిని. మొదటి పంక్తి నిండినది. మిగిలిన పంక్తులు మీవి.