ఖడక్‌వాస్లాకు రెండవ ప్రయత్నం
(ప్లాటినం జూబ్లీ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



75 సంవత్సరాల పండుగనాడు పాత ముచ్చట్లు చెప్పమని నన్ను కోరారు. అవి చెప్పడానికి నాకంటె సమర్థులు ఇక్కడ ఎందరో ఉన్నారు. సైన్యంలో పనిచేసి వచ్చినవాణ్ణి గనుక మన సోలాపూరు పేటలలో నన్ను తరచు అడిగే ఒక ప్రశ్నను గురించి మనవి చేస్తాను. పన్నెండవ తరగతి చదివిన కుర్రవాడు నేషనల్ డిఫెన్స్ అకాడమీ పరీక్షకు వెళ్ళి ఎంపిక కాలేదు. "నాన్నా, ఒక్క ఏడాది ఇంట్లో ఉండి చదివి మళ్ళీ వ్రాస్తాను" అంటున్నాడు. మరమగ్గం నడిపే తండ్రి, బీడీలు చుట్టే తల్లి ఏమని జవాబు చెప్పాలి? మనవంటి ఇళ్ళలో ఒక ఏడాది అంటే చేతికి అందివచ్చే సంపాదన ఒక ఏడాది వెనుకకు జరగడమే.

మొదట పదవ తరగతి సర్టిఫికెట్ బయటికి తీయండి. అందులో ఉన్న పుట్టిన తేదీనే యూనియన్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ అంగీకరిస్తుంది. జాతకం చూపితే ఒప్పుకోదు. అకాడమీలో తరగతి మొదలయ్యేనాటికి అభ్యర్థికి పదహారున్నర ఏళ్ళు నిండి ఉండాలి, పందొమ్మిదిన్నర దాటరాదు. ఎన్నిసార్లు వ్రాయవచ్చునన్న నిబంధన ఏదీ లేదు, వయస్సే నిబంధన. పరీక్ష సాధారణంగా ఏప్రిల్, సెప్టెంబరు నెలలలో జరుగుతుంది. ఏప్రిల్‌లో వ్రాసినవాడు మరుసటి జనవరిలోను, సెప్టెంబరులో వ్రాసినవాడు మరుసటి జూలైలోను చేరతాడు. ఇక లెక్క వేయండి. మే నెలలో 17 నిండిన పిల్లవానికి ఆ సెప్టెంబరు, తరువాతి ఏప్రిల్, ఆ పై సెప్టెంబరు, మొత్తం మూడు అవకాశాలున్నవి. అదే మే నెలలో 18 నిండినవానికి ఆ సెప్టెంబరు ఒక్కటే. అతడు ఏడాది ఆగడం వృథా. అతనికి మిగిలినవి నాలుగు నెలలు మాత్రమే. ఈ లెక్క చూడకుండా కోచింగ్ రుసుము కట్టిన తల్లిదండ్రులను నేను ఎరుగుదును.

రెండవది, ఎక్కడ తప్పిపోయాడో తేల్చుకోవాలి. వ్రాత పరీక్షలో గణితానికి 300 మార్కులు, సామాన్య సామర్థ్య పరీక్షకు 600. ఆ 600లో ఇంగ్లీషుకే 200. తప్పు సమాధానానికి ఆ ప్రశ్న మార్కులలో మూడవ వంతు కోత. ప్రశ్నపత్రం ఇంగ్లీషు, హిందీలలోనే ఉంటుంది. మన బడిలో త్రికోణమితి బాగా నేర్చిన పిల్లవాడు కూడా అక్కడ ప్రశ్న చదవడంలోనే సమయం పోగొట్టుకుంటాడు. బజారు హిందీ మనకు వచ్చును గాని, హిందీ గణిత పరిభాష వేరు. ఇది తెలివితక్కువతనం కాదు, అలవాటు లేకపోవడం. ఇటువంటి లోటుకు ఒక ఏడాది నిజంగా పనికివస్తుంది. రోజూ ఇంగ్లీషు పత్రిక చదవడం, పాత ప్రశ్నపత్రాలను గడియారం ఎదుట పెట్టుకొని చేయడం ఇంట్లోనే సాధ్యం.

సర్వీసెస్ సెలెక్షన్ బోర్డు సంగతి వేరు. దానికి 900 మార్కులు, అయిదు రోజులు. తొలినాడే వడపోత జరిగి చాలామంది తిరుగు రైలెక్కుతారు. నిలిచినవారు ఒక్కొక్క మాటకు 15 సెకన్ల చొప్పున 60 మాటలకు తోచిన వాక్యాలు వ్రాయాలి, బొమ్మ చూసి కథ అల్లాలి, తోటివారితో కలసి దుంగలతో, తాళ్ళతో అడ్డంకులు దాటాలి. ఎందుకు తీసుకోలేదో బోర్డు చెప్పదు. అక్కడ తప్పినవాడు నాలుగు గోడల మధ్య కూర్చుని పుస్తకాలు తిరగవేస్తే లాభం లేదని నా అభిప్రాయం. కంఠస్థం చేసిన జవాబులు ఆ పరీక్షకుల ముందు నిలువవు. అటువంటివాడు కళాశాలలో చేరి, ఎన్.సి.సి.లో పేరిచ్చి, నలుగురితో ఆడి, ఇంటి బాధ్యత ఒకటి తలకెత్తుకొంటే మేలు. చదువూ ఆగదు.

అమెరికాలో వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీకి అనుబంధంగా ఒక సన్నాహక పాఠశాలయే ఉన్నది. చదువులో కొంత వెనుకబడినా ఆశ కలిగించేవారిని ఏరి, ఒక ఏడాది తీర్చిదిద్దుతారు. మనకు ఆ ఏర్పాటు లేదు. మహారాష్ట్ర ప్రభుత్వం 1977లో ఔరంగాబాదులో, అంటే నేటి ఛత్రపతి శంభాజీనగర్‌లో, నెలకొల్పిన సన్నాహక సంస్థ పదవ తరగతి ముగించినవారికి ఉద్దేశించినది. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లల తల్లిదండ్రులు దానిని గుర్తుంచుకోవాలి.

కాబట్టి నా సలహా ఇది: డిగ్రీలో చేర్పించండి, దానితోపాటే రెండవ ప్రయత్నం చేయనివ్వండి. ఖడక్‌వాస్లా తలుపు మూసుకున్నా, పట్టభద్రునికి డెహ్రాడూన్ ఇండియన్ మిలిటరీ అకాడమీ ద్వారం 24 ఏళ్ళ వరకు తెరిచే ఉంటుంది. ఆడపిల్లలున్నవారు కూడా ఈ మాటలు వినాలి. సుప్రీంకోర్టు 2021లో ఆదేశించిన పిమ్మట 2022లో బాలికలు అకాడమీలో చేరారు; 2025 మే నెలలో వారిలో 17 మంది శిక్షణ ముగించుకొని బయటికి వచ్చారు.

భోజనాల తరువాత ప్రధానోపాధ్యాయుల గది ప్రక్కనున్న తరగతిలో కూర్చుంటాను. సందేహమున్నవారు పిల్లలను, పదవ తరగతి సర్టిఫికెట్‌ను వెంటబెట్టుకొని రావలసినదిగా కోరుతున్నాను.