మంది ఎక్కువా, పొగ ఎక్కువా?

 

కాలేజీలో వాతావరణ మార్పు మీద చర్చ పెడితే ఒక మాట తప్పక వస్తుంది: "జనాభా పెరగడమే అన్నిటికీ కారణం." దాని వెనకే ఇంకో మాట: "పోడు కొట్టి అడవిని పాడు చేసింది గిరిజనులే." ఈ రెండింటికీ కోపంతో కాదు, లెక్కతో జవాబు చెప్పాలి.

మొదట సైన్సు. బొగ్గు, పెట్రోలు, డీజిలు మండితే వచ్చే కార్బన్ డయాక్సైడ్ భూమి వేడిని బయటికి పోనివ్వదు. పరిశ్రమలు రాకముందు గాలిలో పది లక్షల పాళ్లకు అది సుమారు 280 పాళ్లు. ఇప్పుడు 420 దాటింది. ఇందులో వాదించేదేమీ లేదు. బాధ్యత ఎవరిది, భారం ఎవరు మోయాలి అన్నదే వాదన.

ఇక జనాభా. 2022 నవంబరులో ప్రపంచ జనాభా 800 కోట్లకు చేరింది. మనుషులు పెరిగితే అవసరాలు పెరుగుతాయి, నిజమే. కానీ అందరి పొగా ఒకటి కాదు. అమెరికాలో మనిషికి ఏడాదికి సుమారు 14 టన్నుల కార్బన్ డయాక్సైడ్, మన దేశంలో సుమారు 2 టన్నులు. ఆ రెండూ సగటే. రెండు కార్లున్న ఇంటినీ, కట్టెల పొయ్యి ఉన్న కొండ మీది ఇంటినీ కలిపి కట్టిన లెక్క అది. పైగా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఒక స్త్రీకి సగటు సంతానం 2.0, ఆంధ్రప్రదేశ్‌లో 1.7.

పోడులో చెట్టు పోతుంది, కాదనను. బీడు వదిలితే మళ్లీ మొలుస్తుంది. వదలడానికి భూమి మిగలకపోవడమే ఇప్పటి కష్టం. గని తవ్విన కొండ మాత్రం తిరిగి రాదు.

ఇప్పుడు కొత్త ప్రశ్న మన గడపలోకి వచ్చింది. సౌర, పవన విద్యుత్తును నిల్వ చేసే పంప్డ్ స్టోరేజ్ ప్రాజెక్టులను అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో ప్రతిపాదించారు. పొగలేని కరెంటు దేశానికి కావాలి. అయితే ఊరిని అడగకుండా తీసుకున్న కొండ, బొగ్గుకు పోయినా సౌరశక్తికి పోయినా మనకు పోయినట్టే.

అడిగించుకునే హక్కు మనకుంది. షెడ్యూల్డ్ ప్రాంత భూములను గిరిజనేతరులకు గనుల లీజుకు ఇవ్వకూడదని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అడవిని కాపాడుకునే అధికారాన్ని 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభకు ఇచ్చింది. 2013లో ఒడిశా నియమగిరిలో 12 గ్రామసభలు బాక్సైట్ తవ్వకం వద్దన్నాయి. 12కి 12!

చదువుకున్న పిల్లలుగా మీ పని ఇది. ప్రాజెక్టు నివేదిక తెప్పించండి. అవ్వకు, తాతకు మన భాషలో చదివి వినిపించండి. లాభం, నష్టం రెండూ చెప్పండి. తీర్మానం ఊరు చేస్తుంది. ఖాళీ కాగితం మీద మాత్రం ఎవరినీ వేలిముద్ర వేయనివ్వకండి.